కేకే లైను మీద మా క్రూజు

2023 అక్టోబరులో అనుకుంటా, ఒకప్పుడు మా టీమ్‌లో పనిచేసి ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటున్న మిత్రుడొకడు ఫొటోలు పంపాడు. గాల్వెస్టన్‌లో ఓడెక్కి, కరీబియన్ సముద్రంలో కొజుమెల్ దాకా వెళ్ళొచ్చారట, కుటుంబంతో సహా. ఓడ అంటే మామూలు ఓడ కాదు. మా అపార్టుమెంటు కాంప్లెక్సు మొత్తాన్ని పడుకోబెట్టి నీళ్లలో వదిలినట్టుంది. మీద ఈతకొలను, జారుడుబల్లలు, అర్ధరాత్రి కూడా మూతపడని భోజనశాల. ఐదో క్లాసు చదివే మావాడు ఆ ఫొటోలు చూసి వారం రోజులు నా ప్రాణం తీశాడు. "నాన్నా, మనమూ క్రూజుకెళ్దాం."

ఆ మాట వాడు మా నాన్నగారి ముందు అనడంతో కథ మారింది. మా నాన్నగారు 1969 నుంచి 2004 దాకా వైజాగ్‌లో ఒక ఓడల ఏజెంటు ఆఫీసులో గుమాస్తా. ఏ ఓడ ఎన్ని టన్నుల ఇనుప ఖనిజం ఎత్తుకుందో, ఎప్పుడు కదిలిందో కాగితాలకెక్కించడం ఆయన పని. ఓడలంటే మోజు లేదు సరికదా, కాస్త విసుగు కూడా. "ఓడెక్కడానికి అమెరికా ఎందుకురా, క్రితం ఏడు ఇక్కడికే వచ్చింది కదా" అన్నారు.

ఆయన చెప్పింది నిజమే. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే విహారనౌక విశాఖ వచ్చింది, కార్డీలియా వాళ్ళది. ఊరంతా బీచిలో నిలబడి ఫొటోలు తీసుకుంది. అందులో ఒక తమాషా ఉంది. ఆ ఓడ 1990లో ఫ్రాన్సులో తయారై, రాయల్ కరీబియన్ వాళ్ళ చేతిలో చాలా ఏళ్ళు అమెరికా వాళ్ళని బహామాస్‌కీ కరీబియన్‌కీ తిప్పింది. అంటే మా మిత్రుడు వెళ్ళిన సముద్రాన్ని చాలా ఏళ్ళు దున్నేసి, ముసలితనంలో మన తీరానికొచ్చిందన్నమాట. మన ఆఫీసుల్లో పాత సర్వర్లు టెస్టింగ్ టీముకి వచ్చినట్టు :)

"అయితే ఓడ టిక్కెట్లు చూడమంటారా?" అన్నాను. ఆయన ఒక్క నిమిషం ఊరుకుని, "కాదురా, నన్ను ఆ కేకే లైను మీద ఒకసారి తీసుకెళ్ళు. ముప్పై అయిదేళ్ళు దాని మీద దిగొచ్చిన మన్ను లెక్క రాశాను. పైకి మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. నేను కాలేజీ రోజుల నుంచి అరకు కనీసం ఆరేడుసార్లు వెళ్ళుంటాను. ఆయన్ని ఎప్పుడూ అడగలేదు.

సరే, నవంబరులో నలుగురం బయల్దేరాం. ఉదయం ఏడు కాకముందే విశాఖలో కిరండూల్ రైలు. 2017 ఏప్రిల్ నుంచి దీనికి అద్దాల పెట్టె తగిలించారు కదా, విస్టాడోమ్ అంటారు. పైకప్పులో కూడా అద్దాలే, కుర్చీ గుండ్రంగా తిరుగుతుంది. దానికే టిక్కెట్లు తీశాను. మావాడు ఎక్కీ ఎక్కగానే కుర్చీని రంగులరాట్నం చేశాడు. కొత్తవలస దాటాక రైలు అసలు దారిలోకి మళ్ళింది. లక్కవరపుకోట, శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురం.. అక్కణ్ణించి ఎక్కుడే ఎక్కుడు. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు. విశాఖ నుంచి దాదాపు 120 కిలోమీటర్లు, నాలుగు గంటలు. సొరంగాలు 58, వంతెనలు 84 అని ఊరంతా చెప్పే లెక్క. మావాడు సొరంగాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్పైల్లో ఎక్కడో వాళ్ళమ్మ ఇచ్చిన పులిహోరలో పడి మర్చిపోయాడు.

పెట్టెలో అందరూ సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు పెడుతున్నారు. మా నాన్నగారు మాత్రం పక్కనున్న పట్టాలకేసి చూస్తున్నారు. లూపు లైన్లూ, సిగ్నళ్ళూ, ఎక్కడ ఎంత పొడవు రైలు పడుతుందో అదే ఆయన దృష్టి. "ఇదంతా ప్యాసింజరు కోసం వేసింది కాదురా" అన్నారు. ఇక్కణ్ణించే నేను చరిత్రలో పడ్డాను. ఇంటికొచ్చాక వెతికి చదివిందీ, ఆయన దగ్గర విన్నదీ కలిపి రాస్తున్నాను.

యుద్ధంలో బూడిదైన జపాను 1950లలో మళ్ళీ ఉక్కు కార్ఖానాలు నిలబెట్టుకుంటోంది. వాళ్ళకి బొగ్గూ తక్కువే, ఇనుప ఖనిజమూ తక్కువే. మనకేమో దంతెవాడ దగ్గర బైలదిల్లా కొండలున్నాయి (దూరం నుంచి ఎద్దు మూపురంలా ఉంటాయి కాబట్టి ఆ పేరు). అందులో ప్రపంచంలోనే మేలురకం ఖనిజం. మనకి కావాల్సింది విదేశీ మారకద్రవ్యం. అన్నట్టు, జపాను ఇతర దేశాలకిచ్చిన యెన్ రుణాల చరిత్రలో మొట్టమొదటిది 1958లో మనదేశానికే. అదే 1958లో ఎన్‌ఎండీసీ పుట్టింది. 1960లో ఒప్పందం కుదిరింది. బైలదిల్లా నుంచి ఏడాదికి 40 లక్షల టన్నులు, కిరిబురు నుంచి 20 లక్షల టన్నులు జపాను ఉక్కు మిల్లులకి పంపాలి.

పంపాలంటే దారేదీ? బైలదిల్లా నుంచి సముద్రం దాకా మధ్యలో తూర్పు కనుమలున్నాయి. అలా పుట్టింది డీబీకే ప్రాజెక్టు. దండకారణ్యం, బోలాంగీర్, కిరిబురు అని మూడు పేర్ల మొదటి అక్షరాలు. అందులో పెద్ద ముక్క కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 445 కిలోమీటర్ల లైను. బ్రాడ్ గేజి రైలుని సముద్రమట్టం నుంచి వెయ్యి మీటర్ల దాకా ఎక్కించాలి. శిమిలిగుడ స్టేషను బోర్డు మీద 996.32 మీటర్లు అని ఉంటుంది. దేశంలో బ్రాడ్ గేజి స్టేషన్లన్నిటిలోకీ అదే ఎత్తయినదిగా చాలా ఏళ్ళు చెలామణీ అయింది, కాశ్మీరు లోయలో రైలు వచ్చేదాకా. 1960లలో, ఈనాటి యంత్రాలేవీ లేని రోజుల్లో, మన్యం జ్వరాలకి పేరుమోసిన అడవిలో, కొండని తొలిచి ఆరేడేళ్ళలో లైను పూర్తి చేశారు. ఇంజనీరుగా దానికి దండం పెట్టాల్సిందే. మనం ఒక మాడ్యూలు డెలివరీకి ఎన్నిసార్లు గడువు పొడిగిస్తామో మీకు నేను చెప్పక్కర్లేదు.

కానీ ఈ మొత్తం డిజైనులో యూజరు ఎవరు అని అడిగితే జవాబు సూటిగా ఉంది. జపాను కొలిమి. రిక్వైర్‌మెంట్లన్నీ అక్కణ్ణించే వచ్చాయి, ఎన్ని టన్నులు, ఎప్పటికి, ఏ ఓడలోకి అని. కొండమీద ఊళ్ళ వాళ్ళు ఆ లిస్టులో లేరు. ప్యాసింజరు అనేది తర్వాత తగిలించిన తోక. ఏళ్ళ తరబడి పగటిపూట ఒక్క బండే దిక్కు. ఆ బండినే ఇవాళ మనం విహారయాత్ర అంటున్నాం.

ఇక్కడో విషయం చెప్పాలి. లైను పని పూర్తికావస్తున్న 1966లోనే "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" ఉద్యమం. అమృతరావుగారి నిరాహారదీక్ష, తెన్నేటి విశ్వనాథంగారి రాజీనామా, కాల్పులు, 32 మంది ప్రాణాలు. ఇవన్నీ మనకి బళ్ళో చెప్పకపోయినా ఇళ్ళల్లో చెప్పారు. కార్ఖానాకి శంకుస్థాపన 1971లో ఇందిరాగాంధీ చేతుల మీదుగా, జాతికి అంకితం 1992లో పి.వి. నరసింహారావు హయాంలో. అంటే పాతికేళ్ళపాటు ఖనిజం మా ఊరి మీదుగా దిగి, మా రేవులో ఓడెక్కి జపాను వెళ్ళింది. 1976 చివర్లో ఔటర్ హార్బరు వచ్చాక లక్ష టన్నుల ఓడలు రావడం మొదలైందనీ, ఆ ఏడాది తనకి కొత్త టైపురైటరు ఇచ్చారనీ మా నాన్నగారు చెప్పారు. ఆ ఉద్యోగమే మా ఇంటి అద్దె, నా ఇంజనీరింగు ఫీజు. ఆయన చొక్కా కాలరు ఎప్పుడూ ఎర్రగా ఉండేది, అమ్మ ఎన్నిసార్లు నానబెట్టినా వదిలేది కాదు. నేను కంప్యూటరు ముందు కూర్చోడానికి కారణం ఆ కొండ తాలూకు మన్ను. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

శిమిలిగుడలో మా రైలు ఆగిపోయింది. ఐదు నిమిషాలు, పది, ఇరవై. పెట్టెలో సణుగుడు. ఒకాయన ఫోన్‌లో ఎవరికో "ఏ సిగ్నలూ లేదు, ఎందుకాగిందో చెప్పే నాథుడే లేడు" అని గట్టిగా చెబుతున్నాడు. మా నాన్నగారు నవ్వుతున్నారు. "లోడు బండి వస్తోంది" అన్నారు. వచ్చింది. ముందు ఇంజన్లు, వెనకాల ఎర్రటి వాగన్లు, కనుమ దిగే బండి కాబట్టి బ్రేకుల మీద మూలుగుతూ, నెమ్మదిగా. తాతా మనవడూ కలిసి లెక్కపెట్టారు. యాభై ఎనిమిది. సొరంగాల లెక్క కంటే ఇది నయం, మధ్యలో పులిహోర లేదు.

ఒక్కో వాగను అటూ ఇటూగా 60 టన్నులు. మొత్తం మూడున్నర వేలు. 1960 ఒప్పందంలోని 40 లక్షల టన్నుల్ని ఇవాళ్టి బళ్ళతో పంపినా రోజుకి మూడు బళ్ళు. తర్వాత్తర్వాత దానికి ఎన్నో రెట్లు దిగింది. ఇప్పుడు అందులో మన ఉక్కు కార్ఖానాకీ వెళుతుంది. సొంత గనులు లేని ఆ కార్ఖానాకి బైలదిల్లాయే ఆధారం. రైలు చాలక 2000ల మధ్యలో కిరండూల్ నుంచి విశాఖకి 267 కిలోమీటర్ల గొట్టం కూడా వేశారు. ఖనిజాన్ని పొడి చేసి నీళ్ళలో కలిపి బురదలా పంపుతారు. అది కూడా ఈ కొండల మీదుగానే. ఇంకా చాలక లైను డబ్లింగు పనులు. 2025 ఫిబ్రవరిలో వాల్తేరు డివిజనుని విడదీసి ఈ లైనుని రాయగడ డివిజనులో కలపాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించినప్పుడు మా విశాఖ వాళ్ళు గొడవపడిందీ ఈ సరుకు ఆదాయం గురించే. ఆ చర్చల్లోనూ అరకు వాళ్ళ మాట పెద్దగా వినపడలేదు.

"వాళ్ళకేం వచ్చింది తాతా?" అని మావాడు అడిగాడు. ప్లాట్‌ఫారం చివర కట్టెలమోపులు దించుకుని బండి కోసం చూస్తున్న ఆడవాళ్ళని చూపిస్తూ. మా నాన్నగారు "అది నా రిజిస్టర్లో లేదురా" అన్నారు. ఆయన జోకులెయ్యరు.

కొండల్లోకి దారి వేస్తే కొండవాళ్ళకి మేలే కదా అని నేనూ వాదించేవాణ్ణి. అన్ని దారులూ ఒకలాంటివి కావు. అరకుకి దక్షిణాన నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు వేసిన ఘాటు రోడ్డు సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం వాళ్ళని పట్టుకొచ్చి, కూలి ఎగ్గొట్టి పని చేయించాడు. పోడు మీద ఆంక్షలు, ఈ వెట్టి కలిసి మండితే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డాడు. 1924 మే 7న ఆయన్ని చంపేశారు. మనకి సినిమాలో విల్లులూ బాణాలూ గుర్తున్నాయి గానీ, గొడవలో ఒక రోడ్డు పని కూడా ఉందని గుర్తులేదు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడ్డ జిల్లాకి ఆయన పేరే పెట్టారు. అరకు ఇప్పుడు ఆ జిల్లాలోదే.

రెండో రోజు కారు మాట్లాడుకుని బొర్రా గుహలకి వెళ్ళాం. నేను మొదటిసారి వచ్చింది 1997లో, ఇంజనీరింగు పిక్నిక్కి. గుహ లోపల టేప్‌రికార్డరు పెట్టి డాన్సులేశాం, సిగ్గులేకుండా. ఈ గుహల్ని 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ కనుక్కున్నాడని అందరూ రాస్తారు, మాకూ గైడు అదే చెప్పాడు. నాకు బగ్గు దొరికింది. ఆ సర్వే సంస్థ పుట్టిందే 1851లో! విలియం కింగ్ దానికి డైరెక్టరయింది 1887లో. 1807 అని ఎవరో ఎక్కడో కొట్టారు, మిగతా అందరం కాపీ పేస్టు. అసలు "కనుక్కోవడం" అనే మాటే చిత్రం. గుహ పైకప్పు కన్నంలోంచి ఆవు పడిపోయిందనీ, దాన్ని వెతుక్కుంటూ వెళ్ళిన కాపరికి లోపల శివలింగం కనిపించిందనీ అక్కడి వాళ్ళ కథ. గోస్థని నది పేరు ఆ ఆవుదే. ఆ నది మీదే తాటిపూడి రిజర్వాయరు, అక్కడి నీళ్ళే విశాఖ కుళాయిల్లో. చూశారా, మన్నే కాదు, నీళ్ళు కూడా.

నేను డాన్సులేసిన అదే 1997లో, జులై 11న, ఈ బొర్రా పంచాయతీ పేరు సుప్రీంకోర్టు తీర్పులోకెక్కింది. ఆ సంగతి నాకు పాతికేళ్ళ తర్వాత తెలిసింది. గిరిజనేతరులకి ఏజెన్సీ భూమి పోకుండా 1917 నుంచే చట్టం ఉంది. 1959లో నిబంధనలు తెచ్చారు, 1970లో గట్టిగా బిగించారు. మనం "వన్ ఆఫ్ సెవెంటీ" అని పిలిచేది దాన్నే. వ్యక్తికీ వ్యక్తికీ మధ్య అమ్మకం కుదరదు. మరి ప్రభుత్వమే గనుల లీజు ఇస్తే? అనంతగిరి మండలంలో నిమ్మలపాడు లాంటి ఊళ్ళలో కాల్సైట్ రాయి కోసం బయటి కంపెనీలకి అలాగే ఇచ్చారు. తరతరాలుగా దున్నుకుంటున్నా పట్టాలు లేని జనం. సమత అనే స్వచ్ఛందసంస్థ వాళ్ళ తరఫున కోర్టుకెళ్ళింది. హైకోర్టులో ఓడిపోయింది. సుప్రీంకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఆ ఊళ్ళ వైపు నిలబడ్డారు.

తీర్పు నడిచిన తర్కం ఇంజనీరుకి నచ్చేలా ఉంటుంది. చట్టంలో "వ్యక్తి" అన్న మాట ఉంది. ప్రభుత్వం వ్యక్తా కాదా? కోర్టు అవునంది. ప్రభుత్వమూ వ్యక్తే కాబట్టి, ఏజెన్సీలో భూమిని గిరిజనేతరుడికి లీజుకివ్వడం దానికీ కుదరదు. ప్రైవేటు కంపెనీ కూడా గిరిజనేతర వ్యక్తే. ఒక్క వేరియబుల్ నిర్వచనంతో మొత్తం ప్రోగ్రాం అవుట్‌పుట్ మారిపోయింది. పైగా, గనుల లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి ఖర్చుపెట్టాలని కూడా చెప్పింది. మన షెడ్యూల్డు ప్రాంతాలకి ఈ తీర్పు పెట్టనికోట అయింది. మా అద్దాల రైలు ఆగే చిన్న స్టేషను పక్క ఊళ్ళది ఆ ఘనత.

మనవాళ్ళు వర్కరౌండు కనిపెట్టకుండా ఉంటారా? తీర్పులో ప్రభుత్వరంగ సంస్థలకి వెసులుబాటు ఉంది కదా అని, ప్రభుత్వ సంస్థ తవ్వి ప్రైవేటు కార్ఖానాకి బాక్సైటు అమ్మేలా 2005 నుంచి ఒప్పందాలు మొదలయ్యాయి. అరకు చుట్టూ గాలికొండ, రక్తకొండ పేర్లు వినపడ్డాయి. 2015లో చింతపల్లి వైపు జీవో 97 వచ్చింది. అంతా వీధుల్లోకొచ్చారు, చివరికి 2019లో రద్దయింది. బాక్సైటు వద్దన్నవాళ్ళని అభివృద్ధికి అడ్డం అని నేనూ మా ఆఫీసు క్యాంటీనులో తిట్టాను. తిడుతూ తాగింది కాఫీ అని ఇప్పుడు గుర్తొస్తే నవ్వొస్తుంది, ఎందుకంటే ఆ కొండలమీద ఇంకో దారి ఉందని చూపించింది కాఫీయే. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, చెట్టుకి అల్లుకున్న మిరియం. తోట చిన్నది, తోట వాళ్ళది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరిచారు, 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దళారుల బాధ తీరిందనో, అందరి అప్పులూ తీరాయనో అనను. కానీ కొండ కొండగా ఉండి కూడా దిగి వచ్చే సరుకు ఇదొకటి. అనంతగిరి దగ్గర రోడ్డుపక్క కొట్లో మా నాన్నగారు రెండు గ్లాసులు తాగారు. చక్కెర లేకుండా. ఆయన ఇంట్లో టీ తప్ప ముట్టరు.

తిరుగు ప్రయాణంలో సాయంత్రం బొర్రా స్టేషనులో రైలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఇద్దరు అవ్వలు, బుట్టల్లో ఉసిరికాయలు, సీతాఫలాలు. పాత పెట్టెల్లో అయితే కిటికీలోంచి చెయ్యి చాపి కొనేవాళ్ళం. మా అద్దాల పెట్టె కిటికీలు తెరుచుకోవు. ఒక అవ్వ అద్దానికి దగ్గరగా వచ్చి బుట్ట ఎత్తి చూపించింది, లోపల్నుంచి ఇద్దరు ముగ్గురు ఆమె ఫొటో తీశారు. ఆమెకి మేం కనపడుతున్నామో లేదో కూడా తెలీదు. మా నాన్నగారు లేచి దిగారు. వద్దంటే వినలేదు. కొంటున్నారు, ఏదో మాట్లాడుతున్నారు, రైలు కూత వేసింది. నాకు గుండె ఆగినంత పని.

రైలు కదిలాక రెండు నిమిషాలకి ఫోన్ మోగింది.

"కంగారుపడకు. వెనకాల జనరల్ పెట్టెలో ఎక్కాను. ఈ అవ్వలు కూడా ఇందులోనే ఎక్కారు, శివలింగపురంలో దిగుతారంట."

"సరే, వచ్చే స్టేషనులో ఇక్కడికొచ్చెయ్యండి."

"ఎందుకూ, కొత్తవలస దాకా ఇక్కడే కూర్చుంటాను. ఇక్కడ కిటికీ తెరుచుకుంటోంది" అన్నారు.